పన్నెండు గంటల నేస్తం

శ్రీకాకుళంలో మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి తన కేబుల్ వైరు వెళ్లిన ప్రతి ఇంట్లోనూ యమున గొంతు వినిపిస్తుందని తిరుమలరావు చెప్పుకుంటాడు. చానెల్ అతనిదే కాబట్టి కొంత తగ్గించుకుని నమ్మాలి. అయినా టైలరు షాపుల్లోనూ, అరసవల్లి లాడ్జీల్లో తాళాలిచ్చే బల్లల దగ్గరా, బియ్యం కొట్లలోనూ ఆ గంటసేపు అదే పెట్టి ఉంటుంది. గుడికి వచ్చిన పొరుగూరి వాళ్లు కాసేపు చూసి, ఈవిడెవరు, ఇలా మాట్లాడుతోందని అడుగుతారు.

యమున నరసన్నపేట పక్క పల్లెలో పుట్టింది. వాళ్లది వరి పండించే కుటుంబం. డిగ్రీ అయ్యాక చానెల్లో టైపు పనికి చేరింది. తప్పిపోయిన వాళ్ల వివరాలు, చీరల తగ్గింపు ధరలు, పెద్దకర్మ ఆహ్వానాలు తెర కింద పరిగెత్తే అక్షరాలుగా కొట్టేది. వార్తలు చదివే అమ్మాయి పురిటికి వెళ్తే రెండు నెలలు ఆ కుర్చీలో కూర్చుంది. పుస్తకాల తెలుగులో చదవమన్నారు. చదివింది కానీ, కరెంటు పోయి కాగితం కనపడనప్పుడు "ఒక్క నిమసం ఆగండి, జనరేటరు ఏస్తన్నారు" అంది. మరునాడు వచ్చిన ఫోన్లన్నీ ఆ ఒక్క ముక్క గురించే. దాంతో తిరుమలరావు ఆమెకు మధ్యాహ్నం వంటల కార్యక్రమం ఇచ్చాడు. అక్కడ ఎలా మాట్లాడినా ఎవరూ తప్పు పట్టరని అతని లెక్క.

వంటలు ఏడాదిన్నర నడిచాయి. ఒకరోజు గుత్తొంకాయ చేస్తుండగా ఒకావిడ ఫోన్ చేసి, వంకాయలు కడగడానికే నీళ్లు లేవని, నాలుగు రోజులుగా కుళాయి రావడం లేదని చెప్పింది. యమున స్టవ్ ఆపి, అక్కడి నుంచే నీళ్ల ఆఫీసుకు ఫోన్ కలిపింది. ఎత్తినాయన ఎవరో ఇంటావిడ అనుకుని, వస్తే పట్టుకోండి, రాకపోతే మానండి అన్నాడు. ఆ మాట ఊరంతా విన్నది. సాయంత్రానికి ఆ వీధికి నీళ్లొచ్చాయి. వంకాయలు మాత్రం ఆ రోజు ఉడకలేదు. తర్వాత వంటలు మళ్లీ మొదలుకాలేదు.

అప్పటి నుంచి పదమూడేళ్లుగా ఆ గంట ఊళ్లోవాళ్ల కష్టాల ఫోన్లకే. ఎన్నికలప్పుడు అందరు అభ్యర్థులకూ ఒకే ప్రశ్నల కాగితం ఇచ్చేది. ఒకాయన మూడో ప్రశ్న దగ్గర మైకు పీకేసి లేచిపోయాడు. రెండుసార్లు వార్డుల్లో కేబుల్ వైర్లు తెగాయి. అధికారంలో ఉన్నవాళ్లు ఆమెను అవతలి పార్టీ మనిషి అన్నారు. ప్రభుత్వం మారాక అదే మాట అవతలి నోళ్లలోంచి వచ్చింది. "ఇద్దరూ కలిసి ఏదో ఒకటి తేల్చుకోండి, కండువా నానే కొనుక్కుంతాను" అని ఆమె తెర మీదే అనేసింది.

ఆమె పెట్టుకున్న నియమం ఒకటుంది. ఒక అంగన్వాడీ ఆయా ఫోన్లో పేరు చెప్పి గుడ్ల సంగతి మాట్లాడినందుకు, మూడు వారాల్లో ఆమెను మన్యం వైపు బదిలీ చేశారు. ఆ రోజు యమున స్టూడియో గోడ మీద అట్టముక్క అంటించింది. "పేరు అడగొద్దు. ఊరు అడగొద్దు." తనకోసమే రాసుకున్న మాట అది.

కిందటి ఆగస్టులో ఒక మంగళవారం నాలుగో ఫోన్ వచ్చింది.

"సెప్పండమ్మా. పేరు సెప్పక్కర్నేదు."

"సెప్పనమ్మా. పేరొద్దు, ఊరొద్దు."

యమున చేతిలో కలం ఆగింది. గొంతు ఎవరిదో ఆమెకు ఆ రెండు ముక్కల్లోనే తెలిసిపోయింది. అవతలి మనిషి మాత్రం కొత్తవాళ్లతో మాట్లాడుతున్నట్టే చెప్పుకుపోతోంది.

"మాది సముద్రం పక్కన. మందుల కంపెనీవోలు గొట్టం ఏస్తన్నారు, ఇసక అడుగునుంచి. మా ఊరి పెద్దలు ఒప్పీసుకుని సంతకాలెట్టీసినారు. సేపలు కొనుక్కుని అమ్ముకునీది ఆడోలం. మమ్మల్నడగాలా వద్దా?"

"అడగాలి. సబెప్పుడెట్టినారు?"

"సబేటి? మొగోలు కూకున్నారు, లేసినారు. బయట ఎవులితోటీ మాటాడకూడదని కట్టెట్టినారు."

"గొట్టం ఏసీసినారా, ఇంకా నేదా?"

"పాతదొకటున్నాది. పొద్దుగూకినాక కంపెనీ మురుగునీళ్లు వదుల్తారు. తెల్లారేతలికి కవళ్ల సేపలు ఒడ్డుకి కొట్టుకొస్తన్నాయి, కళ్లు తెల్లగైపోయి. వలల్లో పడినవి కూడా అదో వాసన. ఇరవయ్యేళ్లుగా నా సేతి సేపలు తింతన్న ఇళ్లు ఉన్నాయమ్మా టౌన్లో. ఆ పిల్లల్ని సిన్నప్పుట్నుంచి ఎరుగుదును. ఆలకేటి పెడతన్నానో నాకే తెల్దు." మాట మధ్యలోనే ఏడ్చేసింది.

"ఏడవకు నేస్తం" అంది యమున.

ఫోన్ కట్టయింది. తర్వాతి ఫోన్ పెన్షన్ గురించి. యమున ఆ వివరాలు రాసుకుంది కానీ, కార్యక్రమం అయ్యాక చూస్తే కాగితం మీద ఒక్క అక్షరం కూడా చదవడానికి వీల్లేదు.

పట్నంలో వినేవాళ్లకు ఆ మాటలో విశేషమేమీ లేదు. పల్లెల్లో అలా కాదు. నేస్తం కట్టిన ఇద్దరు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. ఆ మాట ఇంకెవరికీ వాడరు. యమునకు పదకొండేళ్లప్పుడు, గురమ్మ అనే ఆవిడ సముద్రం ఒడ్డు నుంచి ఎండుచేపలు తెచ్చి, వాళ్ల పల్లెలో ధాన్యానికి ఇచ్చి వెళ్లేది. వెంట కూతురు నీలవేణి వచ్చేది. పిల్లలిద్దరికీ జత కుదిరింది. చూసి చూసి, యమున తల్లి జగ్గమ్మ, గురమ్మ మాట్లాడుకుని, అమ్మవారి గుడిలో పిల్లలిద్దరికీ గాజులు మార్పించి, ఒకే ఆకులో బెల్లమన్నం తినిపించి నేస్తం కట్టారు. గురమ్మ పోయినప్పుడు జగ్గమ్మ ఇంట్లో కూడా మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. యమున నేస్తం ఎవరో నీలవేణి వాళ్ల బెస్తపేటలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నీలవేణి మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు అరసవల్లిలో ఆమె తిరిగే వీధులు వెతుక్కుంటూ యమున వెళ్లింది. ఒక ఇంటి గేటు నీడలో తట్ట పక్కన పెట్టుకుని నీలవేణి కూర్చుని ఉంది. తట్టలో అడుగున కొంచెం నెత్తళ్లు మాత్రం ఉన్నాయి.

"ఇవేటి, ఇంతే?"

"పక్కూరి ఒడ్డుకెల్లి తెచ్చినాను. ఆలు కొనుక్కోగా మిగిలినవి." నీలవేణి తట్ట మీద గుడ్డ సర్దింది. "మా కాడ పాటలో నా మాట పట్టుకుంటనేదు. ముందు నానే కేకేస్తన్నాను. ఎనకన అన్నోలకి ఇచ్చీస్తన్నారు."

ఒడ్డుకు వచ్చిన చేపలు కుప్పలుగా పోసి వేలం పాట పెడతారు. పాటలో మాట చెల్లకపోతే ఆ ఊళ్లో చేపలు కొనే దారి లేదు. ఎవరూ తిట్టరు, కొట్టరు. కేక వినపడనట్టు ఉంటారు.

"నోరు జారిపోనాది" అంది యమున. "తిట్టీ నన్ను."

"తిడితే సేపలొస్తాయేటి?"

"ఎవలికీ సెప్పకుండా ఫోనెందుకు సేసినావు? ముందు నాతో అనుంటే..."

"నీకు సెప్పి సేస్తే అది నాటకం కాదేటి? అయినా అంత సదువుకున్నావు, పేరడగొద్దని గోడకి అంటించినావు. 'అమ్మా' అనీసుంటే సరిపోను."

"నిన్ను అమ్మా అని ఎలగంతాను?"

"అదే మరి" అంది నీలవేణి. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ ఇంటావిడ గేటు తీసి, ఏమిటమ్మా అంత నవ్వు అంది. నీలవేణి లేచి తట్ట నెత్తిన పెట్టుకుంది. వెళ్లేటప్పుడు, "మరేటీ సెయ్యకు. నాను సూసుకుంతాను" అంది.

యమున ఆ మాట వినలేదు. మరునాడు మొదటి ఫోన్ ఎత్తుతూనే "సెప్పు నేస్తం" అంది. రెండో ఆమెనూ అలాగే పిలిచింది. రిటైరైన మాస్టారొకాయన చేస్తే ఆయన్నీ నేస్తం అంది. అందరికీ అనేస్తే ఆ రోజు అన్నది కూడా టీవీ మాటే అయిపోతుందని ఆమె ఆలోచన. పది రోజులు గడిస్తే ఎవరు ఎప్పుడు ఏమన్నారో ఎవరికీ గుర్తుండదు.

తిరుమలరావుకు ఈ లోపలి సంగతి తెలియదు. వారం తిరక్కుండా గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

"యమునమ్మా, ఇదేదో బాగా పట్టుకుంది. బజార్లో పిల్లలు కూడా అంటున్నారు. ప్రోగ్రాం పేరు మార్చేద్దాం. 'పన్నెండు గంటల నేస్తం'. ఎలా ఉంది?"

యమున వద్దనలేదు. వద్దంటే కారణం చెప్పాలి. ఫ్లెక్సీలు కట్టారు. ఆటోల వెనక ఆమె బొమ్మ వేశారు.

అందులో ఒక ఆటో నరసన్నపేట దాకా వెళ్లినట్టుంది. జగ్గమ్మ ఫోన్ చేసింది.

"ఏటే, దారంట పోయినోలందరికీ ఆ మాట పంచీసినావంట?"

"అమ్మా, దానికి కారణమున్నాది."

"ఏటా కారణం? అమ్మోరి కాడ కట్టినాం. ఆటోల ఎనక కట్టనేదు."

యమున జరిగిందంతా చెప్పింది. లైనులో కోళ్ల చప్పుడు వినపడుతూ ఉంది.

"దాన్నడిగినావా, ఇలగ సేస్తానని?"

"నేదు."

"మంచి పనే" అని జగ్గమ్మ పెట్టేసింది.

నీలవేణి ఫోన్ ఎత్తడం మానేసింది. పాటలో ఏ మార్పూ లేదని టౌనుకు వచ్చే ఇతర ఆడవాళ్ల దగ్గర యమునే ఆరా తీసింది. ఇరవయ్యో రోజున కూర్మయ్య స్టూడియోకు వచ్చాడు. ఆ పేటకు పెద్ద అతను. అరవై అయిదు దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు. ఇచ్చిన టీ తాగి గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు.

"మీ అమ్మ బాగున్నాదా?"

"బాగుంది బాబూ."

"మీ ఇంట అన్నం తిన్నోన్నే నాను, తుపానేడాది. అందుకే నానే వొచ్చినాను. ఊర్లో సగంమంది అంతన్నారు, ఆవిడ అందర్నీ నేస్తమంతాది, మన నీలవేణిని అన్నదని ఏటి నమ్మకం అని. నువ్వు ఆదివారం వొచ్చి ఆ ముక్క నలుగుర్లో సెప్పీ. నీలవేణి సోమారం నుంచి పాటకొచ్చీస్తాది."

"మీకు తెలీదా అదెవరో?"

"నాకు తెల్సు. నీకు తెల్సు. తెలిసినట్టుంటే మరి నాను కట్టు నిలబెట్టాలి కదా." కూర్మయ్య ఆమె వెనకనున్న అట్టముక్క వైపు చూశాడు. "ఇంకోటి. గొట్టం మాట మళ్లీ ఇక్కడెత్తకూడదు."

"ఇది నా ప్రోగ్రాం బాబూ."

"అది మా ఊరమ్మా. మా కుర్ర గుంటలు ఇరవై మంది కంపెనీలో పన్లకెల్తన్నారు. మా మనవడూ అందులోనే. వలల్లో ఏటి పడతన్నాదని వేటకే ఎల్లమంతాను వాన్ని?" అతని గొంతులో బెదిరింపు లేదు. అదే యమునకు కష్టమనిపించింది. బెదిరించినవాళ్లకు జవాబు చెప్పడం ఆమెకు వచ్చు.

అతను వెళ్లాక తిరుమలరావుకు మొత్తం చెప్పింది. అతను ఫ్లెక్సీల ఖర్చు గురించి మాట్లాడలేదు. "నువ్వేం చేసినా నేను అడ్డురాను. కానీ ఆవిణ్ని ఒకసారి అడిగితే బాగుండేది" అన్నాడు. ఈ మాట అన్నవాళ్లలో అతను రెండోవాడు. యమున నీలవేణికి మళ్లీ ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఆదివారం ఆటో మాట్లాడుకుని బయల్దేరింది.

రామమందిరం ముందు చాపలు పరిచి మగవాళ్లు కూర్చున్నారు. ఆడవాళ్లు వెనక కుళాయి దగ్గర నిలబడ్డారు. నీలవేణి వాళ్లలో లేదు. కాస్త ఎడంగా, గుడి గోడను ఆనుకుని ఉంది. యమునను చూసి చూపు తిప్పుకుంది.

"అమ్మా, ఆ రోజు ఫోన్లో మాటాడినామె మా ఊరామేనా?" అని కూర్మయ్య అడిగాడు.

"తెల్దు. నేను పేర్లడగను."

"నేస్తమన్నావంట."

"అందర్నీ అంతాను."

చాప మీంచి ఒకతను లేచాడు. "మా ఇంటిది రోజూ సూస్తాది. అంతకుముందు ఎప్పుడూ అన్లేదంతాది మరి?"

"అన్నాను. ఆవిడ పనిలో పడి ఇనుండదు" అంది యమున. పదమూడేళ్లలో ఎందరినో ఇలాంటి జవాబుల దగ్గరే పట్టుకుంది. అవి ఎంత తేలిగ్గా వస్తాయో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

కూర్మయ్య గోడ వైపు తిరిగాడు. "నీలవేణీ, నువ్వేటంతావు?"

"ఆవిడ సెప్పినారు కదా" అంది నీలవేణి.

"సరే. రేపట్నుంచి పాటకి రా. గొట్టం సంగతి కూడా ఇక టీవీలో రాదు. ఏమ్మా?"

"రాదు" అంది యమున. కుళాయి దగ్గర ఆడవాళ్లలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. బిందె పెట్టిన చప్పుడయింది.

సభ లేచాక యమున వెంటపడి నీలవేణిని ఇసుకదారిలో అందుకుంది. నీలవేణి ఆగింది.

"నానేల ఫోన్ సేసినానో నీకు గురుతున్నాదా?"

"నీకు పాట నేకపోతే ఎలగ?"

"పాట కోసం సేసినానేటి ఆ ఫోను?" నీలవేణి గొంతు పెంచలేదు. "పక్కూరెల్లి తెచ్చుకుని బతకతన్నాను కదా ఇన్నాలూ. ఇంకో ఏడాదైనా తెచ్చుకుందును. ఒక్క మనిసైనా అడుగుతాది, టీవీలో అడుగుతాది అనుకున్నాను. ఇప్పుడు అడిగీవోలు నేరు. సేపలున్నాయి. అవి నానే పట్టుకెల్లి ఆ పిల్లలకి పెట్టాలి."

"నీ కోసమే కదా..."

"నన్నడక్కుండా నా కోసమేటి?" అని వెళ్లిపోయింది.

సోమవారం నీలవేణి మాట పాటలో చెల్లిందని యమునకు తెలిసింది. మంగళ, బుధవారాలు పన్నెండింటికి కుర్చీలో కూర్చుంది. రోడ్లు, రేషన్, ఆస్పత్రిలో స్కానింగ్ మిషను గురించి మాట్లాడింది. తీరం నుంచి ఎవరు చేసినా గొట్టం మాటేమోనని భయపడేది. ఒకామె వేట నిషేధం డబ్బుల గురించి అడిగితే, సంగతి అది కాదని తెలిసి ఎంత తేలికపడిందో, తర్వాత తన మీద తనకు అంత అసహ్యం వేసింది.

గురువారం రెండో ఫోన్. మాట్లాడేది ఒక్కరే అయినా, చుట్టూ చాలామంది ఉన్నట్టు వినపడుతోంది. గాలి హోరు కూడా.

"పేరు సెప్పక్కర్నేదు" అంది యమున.

"కాదు, రాసుకో. నా పేరు రాణి. మాది కూర్మయ్య మావ పేట. మొన్న ఆదివారం నువ్వు మా ఊరొచ్చినావు, కుళాయి కాడ నిలబడ్డాం మేం. గొట్టం గురించి సెప్పాల."

యమున అద్దం అవతలికి చూసింది. తిరుమలరావు లేచి నిలబడ్డాడు. సైగ ఏమీ చెయ్యలేదు. కట్ చేసే బటన్ ఆమె కుడిచేతి కిందే ఉంది.

"ఆ మాట ఎత్తనని మీ పెద్దలకి సెప్పినానమ్మా."

"నువ్వెత్తనేదు. మేమెత్తుతన్నాం." వెనక నుంచి ఎవరో "అడగవే, ఊరుకుంతావేటి" అన్నారు. రాణి గొంతు గట్టిపడింది. "ఒక్కదాని మాట పట్టుకోకపోతే దానికి సేపల్నేవు. రేపు మేమెవ్వురం పాటకెల్లం. ఆ సేపలు మొగోలే టౌనుకి మోసుకెల్లమను, మేం సూస్తాం. రాసుకో అందరి పేర్లూ."

ఒకరి తర్వాత ఒకరు ఫోన్ అందుకుని చెప్పారు. దేవి. పోలమ్మ. రాజులమ్మ. పేరు చెప్పి కొందరు నవ్వారు, ఒక ముసలామె ఇంటిపేరు రెండుసార్లు చెప్పింది. యమున రాస్తూ పోయింది. చెయ్యి బటన్ మీంచి ఎప్పుడు తీసిందో ఆమెకు తెలియదు. తొమ్మిది పేర్లయ్యాయి. పదోది రాలేదు.

"ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

అవతల గుసగుసలు వినపడ్డాయి. తర్వాత రాణి అంది. "ఒకామె ఉన్నాది. పాటకి తనూ ఎల్లదు. కానీ నీతో మాటాడదట."

"సరే" అంది యమున.

కొంచెం నీళ్లు తాగింది. కాగితం దగ్గరికి లాక్కుని తొమ్మిది పేర్లూ మొదటినుంచి చదివి, ఒప్పేనా అని వాళ్లను అడిగింది. ఒప్పే అన్నారు. అప్పుడు పాత గొట్టం ఎన్నాళ్లనుంచి వదులుతున్నారో చెప్పమంది.